పండుగ మరునాటి వంట



పండుగనాటి వంటను గురించి చెప్పువారు చాలమంది కలరు. ఏ పండుగకు ఏ పిండివంట చేయవలయునో, పాకము ఎట్లు పట్టవలయునో, పూర్ణము ఎంత గట్టిగా ఉండవలయునో తెలుపు పుస్తకములకు, ప్రసంగములకు కొదవ లేదు. పండుగ మరునాటి వంటను గురించి చెప్పువారు మాత్రము అరుదు. ఆనాటి వంటకు పేరు లేదు. దానికి నైవేద్యము లేదు. దానిని మెచ్చుకొనవలసిన బంధువులు అప్పటికే ఊరికి ప్రయాణమై పోయి ఉందురు. ఇంటిలో మిగులునవి మూడు: కడుగవలసిన గిన్నెలు, ఇల్లాలి అలసట, నిన్నటి పదార్థములు. ఈ మూడింటిలో కడపటిదానిని గురించి నేడు ముచ్చటింపదలచితిమి. దానిని గురించి మాటాడినచో తక్కిన రెండింటిని గురించియు కొంత మాటాడినట్లే యగును.

పండుగనాడు వంట మిగులుట తప్పు కాదు. వచ్చినవారికి చాలదేమో అను భయము మన గృహిణులకు పుట్టుకతో వచ్చినది. పదిమంది వత్తురని తెలిసినచోట పండ్రెండుమందికి అత్తెసరు పెట్టుట మర్యాద. పిలువని చుట్టము గుమ్మములో నిలిచినప్పుడు “మీకును విస్తరి వేసితిమి” అనగలుగుట ఆ యింటికి గౌరవము. ఆ మర్యాదకు మనము చెల్లించు మూల్యమే మరునాడు గిన్నెలలో కనబడు అన్నము, ముద్దపప్పు, రెండు మూడు కూరలు, చల్లారి గట్టిపడిన గారెలు, అడుగున నిలిచిన పులిహోర. చిక్కు మిగులుటలో లేదు. మిగిలినదానిని ఏమి చేయుదుము, దానిని ఎవరు తిందురు అనువానిలోనే ఉన్నది.

మన భాషలో ఈ విషయమున మంచి వివేకము కలదు. విస్తరిలో వడ్డించిన పిమ్మట విడిచినది ఎంగిలి. వడ్డింపక గిన్నెలో నిలిచినది మిగులు. రాత్రి నీటిలోనో మజ్జిగలోనో ఉంచి ఉదయము తినునది చద్ది. ఈ మూడును ఒకటి కావు. ఎంగిలిని ఎవరికిని పెట్టరాదని అందరును అంగీకరింతురు. చద్దిని మన పల్లెలు ఎన్నడును చిన్నచూపు చూడలేదు. “పెద్దల మాట చద్ది మూట” అను సామెతయే అందుకు సాక్ష్యము. దూరము పోవువాడు దారిలో విప్పుకొని తిని బలము తెచ్చుకొను మూట అది. నడుమనున్న మిగులునకే స్థానము కుదురలేదు. కొన్ని ఇండ్లలో దానిని వెంటనే పారవేయుదురు. కొన్ని ఇండ్లలో మూడు దినములు వేడి చేసినదే వేడి చేసి తిందురు. రెండును సరియైన పద్ధతులు కావు.

ఒక పూట వండినది రెండవ పూట ముట్టరాదని మడి కట్టుకొను ఇండ్లలో ఆచారముండెడిది. దానిని మూఢత్వమని కొట్టివేయుట సులభము. కాని మంచుపెట్టె లేని కాలమున, మిట్టమధ్యాహ్నము నలువది డిగ్రీలు దాటు ఉష్ణదేశమున, అది ప్రాణరక్షణకు పెట్టుకొన్న కట్టుబాటు. దాని వెనుకనున్న కారణమును నేడు శాస్త్రము స్పష్టముగా చెప్పగలుగుచున్నది.

బియ్యమును అంటియుండు సూక్ష్మజీవులలో బాసిల్లస్ సెరియస్ అనునది ఒకటి. దీని బీజములు ఉడికించినను చావవు. అన్నము వేడిగా నున్నంతసేపు అవి నిద్రించుచుండును. అన్నము గోరువెచ్చనై గంటలకొలది నిలిచినప్పుడు మేలుకొని వృద్ధిపొందును, విషమును పుట్టించును. ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సంగతి యేమనగా, వాంతులు కలిగించు ఆ విషము మరల వేడి చేసినంతమాత్రమున నశింపదు. “బాగుగా కాచితిమి గదా, ఇంక భయమేమి?” అను మాట ఇక్కడ చెల్లదు. ఆ అన్నము తిన్న ఒకటి మొదలు ఆరు గంటలలో వాంతులు మొదలగును. దోషము రెండవనాటి పొయ్యిమీద లేదు. మొదటినాటి సాయంకాలము గిన్నెను ఎక్కడ ఉంచితిమి అనుదానిలో ఉన్నది.

చద్దన్నము సంగతి వేరు. అన్నమును నీటిలోనో పలుచని మజ్జిగలోనో మునుగునట్లు ఉంచినప్పుడు పెరుగును తోడుపెట్టు జాతి సూక్ష్మజీవులు అందులో పెరిగి పులుపును పుట్టించును. ఆ పులుపులో చెడ్డ క్రిములలో చాలవరకు తేలికగా పెరుగజాలవు. పొడిగా బల్లమీద వదలిన అన్నమునకు అట్టి రక్షణ లేదు. అందుచేత “మా తాతలు చద్ది తిని నూరేండ్లు బ్రతికిరి” అనుచు, మూత కూడ లేక రాత్రియంతయు పొయ్యి ప్రక్కన నిలిచిన అన్నమును తినుట తాతలను అనుసరించుట కాదు.

కాబట్టి పండుగ మరునాటి వంట పండుగనాటి మధ్యాహ్నమే మొదలగును. కడపటి పంక్తి లేచిన వెంటనే, తాంబూలములకు ముందే, మిగిలిన అన్నమును వెడల్పైన పళ్ళెములలో పలుచగా పరచవలయును. పెద్ద గుండిగలో నున్న అన్నము నడుమ గంటలకొలది వెచ్చగనే ఉండును; పళ్ళెములో పరచినచో త్వరగా చల్లారును. చల్లారిన వెంటనే, వీలైనచో ఒక గంటలోపలనే, మూత పెట్టి రిఫ్రిజిరేటరులో ఉంచవలయును. తక్కిన కూరలకు, పప్పునకు రెండు గంటలు హద్దు. ముప్పదిరెండు డిగ్రీలు దాటిన వేసవి దినములలో ఒక గంటయే. లోపలి చలువ 4 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని ఉండవలయును. అన్నమును మరునాడే వాడుకొనవలయును. ఏ పదార్థమునైనను ఒక్కసారియే మరల వేడి చేయవలయును గాని, వేడి చేసి మిగిల్చి, మిగిల్చి వేడి చేయరాదు. కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి, పాలతో చేసిన పాయసము ఎండలో కొంతసేపు నిలిచినవైనచో వానిని గురించి తర్కింపక పారవేయుటయే మేలు.

ఇంతవరకు జాగ్రత్తను గురించి. ఇక వంటను గురించి.

పండుగ మిగులును ఒక కొత్త వంటకముగా తీర్చు విద్య ఇతర దేశములలోను కలదు. అమెరికాలో నవంబరు మాసపు నాలుగవ గురువారమునాడు కృతజ్ఞతా పండుగ జరుపుకొందురు. ఆ తేదీని వారి శాసనసభ 1941లో చట్టముచేత స్థిరపరచినది. ఆనాడు దూరమున నున్న బిడ్డలు తల్లిదండ్రుల ఇంటికి చేరుదురు. పెద్ద టర్కీ కోడిని నిలువుగా కాల్చి, రొట్టెముక్కల కూరుపు, మెదిపిన బంగాళాదుంపలు, చిక్కుడు కాయలు, మాంసరసము వడ్డింతురు. ఒక్క కుటుంబము ఒక్క పూటలో తినగల వంట కాదది. శుక్రవారమునాడు ఆ గృహిణికిని మనకు వచ్చిన చిక్కే వచ్చును. ఆమె లోతైన మట్టిపాత్రనో గాజుపాత్రనో తీసికొని, అడుగున రొట్టె కూరుపు, దానిపై మాంసపు ముక్కలు, చిక్కుళ్ళు పరచి, రసము పోసి, అన్నిటిపైన మెదిపిన దుంపను దుప్పటివలె కప్పి, పొయ్యిలోపల కాల్చును. దీనినే క్యాసరోల్ అందురు. ఆంగ్లేయులు మిగిలిన గొఱ్ఱెమాంసమునకు దుంప కప్పి కాల్చు వంటకమును ఇట్టిదే.

క్యాసరోల్ అనునది ఫ్రెంచి భాషలో ఒక వంటపాత్ర పేరు. పాత్ర పేరు అందులోని వంటకమునకు వచ్చినది. మన ఇండ్లలో ఆ మాట మరల పాత్రకే చేరినది. చపాతీలను, ఇడ్లీలను వేడి తగ్గకుండ దాచు డబ్బాను మనవారు క్యాసరోల్ అందురు. కాబట్టి అమెరికాలోని కూతురు “క్యాసరోల్ చేసితిని” అని టెలిఫోనులో చెప్పినప్పుడు, “డబ్బా చేయుట యేమే?” అని ఇక్కడి తల్లి ఆశ్చర్యపడినచో తప్పు పట్టనవసరము లేదు.

ఈ వంటకము యొక్క కీర్తికి కారణము రుచి మాత్రమే కాదు. 1955లో కాంబెల్ సూప్ సంస్థ వంటశాలలో పనిచేయు డోర్కస్ రైలీ అను ఆమె, ప్రతి యింటి బీరువాలోను ఉండు వస్తువులతోనే అగు వంటకము ఒకటి కావలయునని యోచించి, చిక్కుడుకాయలు, పుట్టగొడుగుల రసము, వేయించిన ఉల్లి కలిపిన క్యాసరోల్ కల్పించినది. నేటికిని అది వారి పండుగ పంక్తిలో కనబడుచున్నది. ఉన్నదానితో చేయుట, ఒక్క పాత్రలో చేయుట, చేసి పొయ్యిలో నుంచి ప్రక్కన కూర్చుండగలుగుట, ఈ మూడును అలసిన ఇల్లాలికి ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

పైనను క్రిందను నిప్పు పెట్టి కాల్చుట మనకు కొత్తది కాదు. దళసరి మూకుడులో మినపపిండి పోసి, మూతమీద కణకణలాడు నిప్పులు పేర్చి కాల్చిన దిబ్బరొట్టెను ఎరుగని కోస్తా ఇల్లు లేదు. హైదరాబాదులో దమ్ము పెట్టుట అనునదియు ఈ కుటుంబములోనిదే. ఆ విద్యనే పండుగ మిగులునకు అన్వయించి చూతము.

ఆరుగురికి సరిపోవు కొలత ఇది. మిగిలిన తెల్లని అన్నము నాలుగు గిన్నెలు, ముద్దపప్పు ఒక గిన్నె, పొడికూరలు రెండు గిన్నెలు. బంగాళాదుంప, వంకాయ, అరటికాయ, చిక్కుడు, కంద మొదలగునవి ఏవైనను సరే. బెండకాయ మాత్రము జిగురు విడుచును గనుక వలదు. పులుసుకూర యున్నచో నీరు ఇంకువరకు మరగించి చేర్చవచ్చును. ఒకటిన్నర గిన్నెల పెరుగు, రెండు చెంచాల సెనగపిండి, అల్లము, పచ్చిమిరప, జీలకఱ్ఱ, తగినంత ఉప్పు కావలయును. కూరలలో ఉప్పు ముందే యున్నదని మరువరాదు. కడపట నాలుగు గారెలు.

చల్లబడిన అన్నము గట్టిపడుటకు కారణము కలదు. ఉడికినప్పుడు నీరు పీల్చి ఉబ్బిన పిండిపదార్థము చలువకు మరల దగ్గరగా ఒదిగి బిగుసుకొనును. వేడియు తడియు కలిసి తగిలినప్పుడే అది సడలును. వట్టి వేడి చాలదు. కాబట్టి ముందుగా అన్నమును చేతితో పొడిపొడిగా విడదీసి నాలుగు చెంచాల నీరు చిలుకరింపవలయును. పెరుగులో సెనగపిండి కలిపి ఉండలు లేకుండ చిలికి, అల్లము, మిరప, జీలకఱ్ఱ చేర్చి, అందులో మూడు వంతులు అన్నమునకు పట్టింపవలయును. పెరుగు ఒక్కటే కాగినచో విరిగి నీరు వేరగును; సెనగపిండి దానిని విరుగనీయదు. మజ్జిగపులుసు చేయువారికి ఈ రహస్యము తెలియనిది కాదు.

లోతైన పాత్రకు నేయి పూసి, సగము అన్నము సమముగా పరచి, దానిపై కొంచెము వేడినీటితో సడలించిన ముద్దపప్పు, దానిపై కూరలు పరచి, మిగిలిన అన్నముతో కప్పవలయును. మిగిలిన పెరుగును పైన పోయవలయును. గారెలను చేతితో చిదిమి కరివేపాకుతోను ఒక చెంచా నువ్వులతోను కలిపి పైన చల్లవలయును. గారెలలో నూనె ముందే యున్నది గనుక వేరుగా నూనె వేయనక్కరలేదు. 180 డిగ్రీలకు ముందుగా వేడిచేసిన పొయ్యిలో మూతతో 25 నిమిషములు, మూత తీసి మరి 15 నిమిషములు ఉంచవలయును. మూత యున్నంతసేపు ఆవిరి అన్నమును మెత్తబరచును; మూత తీసిన పిమ్మట గారెల పొడి ఎఱ్ఱబడి కరకరలాడును. నడుమ భాగము 74 డిగ్రీల వేడి అందుకొనవలయును. కొలచు సాధనము లేనివారు చాకును నడుమ గ్రుచ్చి పది సెకనులు ఉంచి తీసి చూడవలయును. ముట్టుకొనలేనంత వేడి యుండినచో సరి. దించిన పిమ్మట పది నిమిషములు కదల్పక యుంచినచో పొరలు కుదురుకొని, ముక్కలుగా కోసి పెట్టుటకు వీలగును.

మిగిలినది పులిహోర యైనచో పెరుగు వలదు. చింతపండు పులుపునకు పెరుగు పొసగదు. ముద్దపప్పును కొంచెము పలుచన చేసి దానితోనే తడి చేయవలయును. పులిహోరలోని పులుపు, నూనె దానికి కొంత ఓర్పు నిచ్చునుగాని, వేసవిలో దానికిని హద్దు కలదు.

విద్యుత్పొయ్యి లేని ఇండ్లవారు నిరుత్సాహపడనక్కరలేదు. దళసరి అడుగు గల గిన్నెలో ఇట్లే పొరలు పరచి, మూత చుట్టు గోధుమపిండి ముద్దతో మూసి, వేడెక్కిన ఇనుప పెనముమీద నుంచి, సన్నని సెగపై అరగంట మగ్గనీయవలయును. పై భాగము ఎఱ్ఱబడుటకు నిప్పులు లేవు గనుక, గారెల పొడిని మూకుడులో వేరుగా వేయించి వడ్డించునప్పుడు చల్లుకొనవచ్చును. రుచిలో భేదము స్వల్పమే.

ఇంతదూరము కొలతలు చెప్పి, ఒక మాట చెప్పక ముగించినచో ఈ ప్రసంగము సగమే యగును. మిగిలిన వంటను నిజముగా ఎవరు తినుచున్నారు? మన ఇండ్లలో పండుగ మరునాడు మగవారికిని, పిల్లలకును వేడి అన్నము వండి వడ్డించి, నిన్నటి గిన్నెలు ముందు పెట్టుకొని వంటింటి గడపలో ఒంటరిగా కూర్చుండి తినునది ఇల్లాలు. పారవేయుటకు మనసు రాదు. పెట్టుటకు ధైర్యము చాలదు. రెండు దినములు అదే తిని, “నాకు ఆకలి లేదు” అని మరి యొక దినము గడుపు తల్లులను ఎరుగనివారుండరు. దీనిని త్యాగమని పొగడుట మాకు సమ్మతము కాదు. పండుగ అందరిదైనప్పుడు పండుగ మిగులును అందరిదే కావలయును. పైన చెప్పిన వంటకమున మేము చూచిన ముఖ్యమైన గుణమిదే. అది బల్లమీదకు ఒక్క పాత్రలో వచ్చును. అందరికిని ఒకే ముక్క వచ్చును. అందరును వేడిగా, ఒకే సమయమున తిందురు.

రెండవ మాట. మూడు దినములు తాము తినక, నాలుగవ దినమున వాసన చూచి, పనిమనిషికి ఇచ్చు అలవాటు కొన్ని ఇండ్లలో కలదు. మన పిల్లలకు పెట్టుటకు జంకు కలిగినదానిని ఆమె పిల్లలకు పంపుట దానము కాదు. ఇయ్యదలచినచో పండుగనాడే, మన విస్తరిలో వడ్డించిన గిన్నెనుండియే, వేడిగా ఉన్నప్పుడే, ముందుగా తీసి ఇయ్యవలయును. అప్పుడు అది పండుగ భోజనమగును. మంచుపెట్టె లేని ఇంటికి పంపు పదార్థమునకు ఈ జాగ్రత్త మరింత అవసరము.

దేశమునకు తిండి కరవై యున్న 1965వ సంవత్సరమున ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి వారమునకు ఒక పూట భోజనము మానవలసినదిగా ప్రజలను కోరిరి. ఎన్నో ఇండ్లు ఆ మాటను పాటించినవి. నేడు ధాన్యమునకు అట్టి కరవు లేదు. అయినను ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 2022లో ప్రపంచమంతట సుమారు 105 కోట్ల టన్నుల ఆహారము వృథాయైనది. అందులో నూటికి 60 పాళ్ళు ఇండ్లలో జరిగిన వృథాయే. హోటళ్ళను, పెండ్లి పందిళ్ళను నిందించుటకు ముందు మన వంటింటి చెత్తబుట్టను చూచుకొనవలసియున్నది.

కావున వచ్చు పండుగకు రెండు చిన్న పనులు చేయుడని మనవి. పిండివంటలున్ననాడు అన్నము తక్కువ తిందురు గనుక మనిషికి 75 గ్రాముల బియ్యము లెక్కించుకొని, అవసరమైనచో రెండవసారి వండుటకు సిద్ధముగా నుండుడు. గారెలన్నియు ఒక్కసారిగా వేయక, పిండిని చలువలో ఉంచి, పంక్తి పంక్తికి కావలసినన్ని వేయుడు. పిండి మిగిలినచో మరునాడు దిబ్బరొట్టె యగును. గారె మిగిలినచో దానికి ఉపాయము వెదకవలసి వచ్చును. అట్లు చూచుకొన్నను మిగిలినదానికి పైన చెప్పిన వంటకము ఉపయోగపడును. దానిని చేసిననాడు వడ్డించు పని ఇంటిలోని మగవారికో, పెద్దపిల్లలకో అప్పగించి, ఇల్లాలిని ముందుగా కూర్చుండబెట్టవలసినదిగా కోరుచున్నాము.